మందు సరే, అతుకు ఎక్కడ?

(ఎల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో సైదాబాద్‌లో చేసిన ఉపన్యాసం ముద్రిత పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభల్లో మనం సాధారణంగా ఒక జాబితా చదువుతాం. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్. జాబితా అయ్యాక నోబెల్ రాలేదని నిట్టూర్చి ఇళ్లకు వెళ్తాం. ఈసారి ఆ పని మానేసి, ఆయన విభాగంలో తయారైన ఒకే ఒక్క మందు వెంట నడుద్దాం. ఆయన పోయాక పదేళ్లకు ఆ మందు ఎక్కడికి చేరిందో, అక్కడి నుంచి ఈనాటి ఎంజైమ్‌ల దాకా దారి ఎలా పడిందో చెబుతాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. క్యాన్సర్ కణాన్ని చంపే విషం దొరకడం మనిషికి ఎన్నడూ మహా కష్టమేమీ కాలేదు. ఆ విషాన్ని దేనికి, ఏ చోట, ఎన్ని అణువుల చొప్పున అతికించాలన్న దగ్గరే అరవై ఏళ్లు గడిచాయి. ఆ ప్రశ్నకు రసాయన శాస్త్రం సగం జవాబు చెప్పింది. మిగతా సగం ఎంజైమ్‌లు చెబుతున్నాయి.

పెరల్ రివర్ మందు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. ద్రావణంలో పుట్టే నీలి రంగు ఎంత చిక్కగా ఉందో చూసి, ఫాస్ఫేట్ ఎంత ఉందో లెక్క కట్టే పద్ధతి అది. ఏటీపీని విడగొట్టే ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తోందో తెలుసుకోవాలంటే, విడుదలైన ఫాస్ఫేట్‌ను ఇలాగే కొలుస్తారు. బయోకెమిస్ట్రీ చదివిన ఎవరైనా ఆ నీలి రంగును ఒక్కసారైనా చూసే ఉంటారు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కు మారారు. 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించారు. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో ఉన్న సిడ్నీ ఫార్బర్‌కు ఒక అనుమానం వచ్చింది. ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే జబ్బు ముదురుతున్నట్టుంది, మరి ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు ఇస్తే? అలాంటి అణువులు పెరల్ రివర్ నుంచే వెళ్లాయి. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు. అది తాత్కాలికమే. అయినా మందుతో ల్యుకేమియాను వెనక్కి నెట్టవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. వయసు 53.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు అమెథాప్టెరిన్. అదే మెథోట్రెక్సేట్. కణం డీఎన్ఏ తయారు చేసుకోవాలంటే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ నడవాలి. మెథోట్రెక్సేట్ వెళ్లి ఆ ఎంజైమ్‌ను బిగించి పట్టుకుంటుంది. ఇప్పుడు కీళ్లవాతానికి వారానికొకసారి ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఈ సభలోనే కొందరు ఉండవచ్చు.

మన కథ మలుపు తిరిగేది 1958లో, ఫ్రాన్స్‌లో. జార్జ్ మాతే, అతని సహచరులు ఎలుకల ల్యుకేమియాకు వ్యతిరేకంగా హ్యామ్‌స్టర్‌లలో పుట్టిన గామా గ్లోబ్యులిన్లను తీసుకుని, వాటికి ఒక మందును రసాయనికంగా అతికించి ఎలుకలకు ఇచ్చారు. ఆ మందు అమెథాప్టెరిన్. యాంటీబాడీకి క్యాన్సర్ మందును అతికించిన తొలి ప్రయత్నంగా పుస్తకాలన్నీ దాన్నే చెబుతాయి. భీమవరం మనిషి విభాగంలో పుట్టిన అణువుతోనే ఈ వైద్యం మొదలైందన్న సంగతి మాత్రం మన సభల జాబితాలో కనపడదు.

బలహీనమైన విషం, బలమైన విషం

1975లో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారు చేసే దారి చూపారు. దాంతో ఇక కష్టాలు తీరినట్టేనని చాలామంది అనుకున్నారు. మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్ లాంటి తెలిసిన మందులన్నీ అతికించి చూశారు. ఆశించిన ఫలితం రాలేదు.

ఎందుకు రాలేదో చూద్దాం. పత్రికలు ఈ మందులను క్షిపణులంటాయి. మన పక్కనే కంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాల ఉంది, సైదాబాద్, సంతోష్‌నగర్ ఇళ్లలో అక్కడ పనిచేసినవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకని ఇక్కడ ఆ పోలిక చెబితే చప్పట్లు పడతాయి. కానీ క్షిపణికి దారి తెలుసు, యాంటీబాడీకి తెలియదు. అది రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. తిరుగుతూ తిరుగుతూ తనకు సరిపడే గుర్తు తగిలితే అతుక్కుంటుంది. ఎక్కించిన మందులో కణితికి చేరేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. చేరిన కొద్దిపాటిలోనూ కణం లోపలికి వెళ్లేది ఇంకా తక్కువ. మెథోట్రెక్సేట్ మామూలుగా పనిచేయాలంటే కణంలోకి చాలా అణువులు వెళ్లాలి. యాంటీబాడీ మోసుకెళ్లేది నాలుగైదు.

కాబట్టి వందల రెట్లు, వెయ్యి రెట్లు ఘాటైన విషాలు కావలసి వచ్చాయి. అలాంటిది ఒకటి మళ్లీ పెరల్ రివర్‌లోనే, అదే లెడర్లీలో, 1980లలో బయటపడింది. టెక్సస్ సున్నపు మట్టిలోని మైక్రోమోనోస్పోరా అనే బ్యాక్టీరియా తయారుచేసే కాలికియామైసిన్ అది. డీఎన్ఏ రెండు పోగులనూ తెంచేస్తుంది. విడిగా మనిషికి ఇవ్వడానికి వీల్లేనంత ఘాటు. దాన్ని సీడీ33 అనే గుర్తును పట్టే యాంటీబాడీకి అతికించి తయారు చేసిన మైలోటార్గ్‌కు 2000లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈ తరగతిలో అనుమతి పొందిన మొదటి మందు అదే.

పదేళ్లు తిరిగేసరికి, 2010లో, దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించారు. తరువాతి పరీక్షలో లాభం కనపడలేదు, మొదట్లోనే చనిపోయినవారు ఎక్కువగా ఉన్నారు. మోతాదు తగ్గించి, ఇచ్చే పద్ధతి మార్చాక 2017లో మళ్లీ అనుమతించారు. మోతాదు సంగతి అలా ఉంచి, ఆ సీసాలో ఏముందో చూడండి. అందులోని యాంటీబాడీల్లో దాదాపు సగానికి మందే అతుక్కోలేదు. మిగతా సగంలో ఒక్కోదానికి నాలుగు నుంచి ఆరు అణువులు. సీసా మీద పేరు ఒకటే అయినా, లోపల ఉన్నది మిశ్రమం.

రసాయనం వేసే అతుకు

యాంటీబాడీ అంటే వై ఆకారంలో ఉండే పెద్ద ప్రోటీన్. రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు. మందును అతికించడానికి రసాయన శాస్త్రానికి అందులో దొరికే పట్టులు ప్రధానంగా రెండు.

మొదటిది లైసిన్ అనే అమైనో ఆమ్లం. ఒక యాంటీబాడీలో ఇవి ఎనభై దాకా ఉంటాయి, చాలా వరకు పైకే తేలి ఉంటాయి. రసాయనం ఏది దొరికితే దాన్ని పడుతుంది. 2013లో అనుమతి పొందిన రొమ్ము క్యాన్సర్ మందు కాడ్‌సైలాలో ఒక్కో యాంటీబాడీకి సగటున మూడున్నర మందు అణువులుంటాయి. ఇక్కడ సగటు అన్న మాటను పట్టించుకోవాలి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి ఆరు. ఒకటి ఉన్నా అది ఎనభై చోట్లలో ఎక్కడైనా ఉండవచ్చు. కాగితం మీద లెక్క వేస్తే ఆ సీసాలో ఉండగల రకాలు లక్షలు దాటుతాయి.

రెండో పట్టు సిస్టీన్. గొలుసులను కలిపి ఉంచే నాలుగు గంధకపు బంధాలను విప్పితే ఎనిమిది చేతులు వస్తాయి. ఒక బంధం విప్పితే రెండేసి చేతులు కాబట్టి మందు కూడా సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది లెక్కన అతుకుతుంది. మందు అణువులు నూనె స్వభావం కలవి. అవి ఎన్ని ఎక్కువ ఉంటే యాంటీబాడీ, రకాలను విడదీసే కాలమ్‌లో అంతసేపు పట్టుకుని ఉండి ఆలస్యంగా బయటికొస్తుంది. ఆ గ్రాఫ్ తీస్తే వరసగా ఐదు గుట్టలు కనపడతాయి. ఒక్కో గుట్ట శరీరంలో ఒక్కో రకంగా ప్రవర్తిస్తుంది. ఎనిమిది ఉన్నవాటిని శరీరం త్వరగా వదిలించుకుంటుంది. అసలు మందే లేనివి క్యాన్సర్ కణం మీద చోటు ఆక్రమించి, మందు ఉన్నవాటికి అడ్డుపడతాయి. సిస్టీన్‌కు వేసే అతుకు కొన్నిసార్లు రక్తంలోనే ఊడి, మందు పోయి ఆల్బుమిన్‌కు తగులుకుంటుంది.

చోటు మారితే ఫలితం మారుతుందని గట్టిగా చూపిన వ్యాసం 2008లో నేచర్ బయోటెక్నాలజీలో వచ్చింది. అమెరికాలోని జెనెన్‌టెక్ కంపెనీ పని అది. మొదటి రచయిత జగత్ రెడ్డి జునుతుల. యాంటీబాడీలో ఎంచుకున్న చోట ఒక సిస్టీన్‌ను ప్రత్యేకంగా నాటి, అక్కడ మాత్రమే మందును అతికించారు. యాంటీబాడీకి రెండే అణువులు. ఎలుకల్లో కణితిని అణచడంలో పాత పద్ధతికి తీసిపోలేదు. ఎలుకలు, కోతులు దాన్ని ఎక్కువగా తట్టుకున్నాయి. మందు అదే, యాంటీబాడీ అదే, మారినవి అతుకు పడిన చోటు, దానితో పాటు అణువుల లెక్క మాత్రమే.

అయితే ఆ పద్ధతికి యాంటీబాడీ జన్యువునే మార్చాలి. ఉన్న యాంటీబాడీని ఉన్నట్టే ఉంచి, ఒకే చోట అతికించడం కుదరదా? ఎంజైమ్‌లు రంగంలోకి వచ్చింది ఇక్కడే.

ఒక్క గ్లుటమిన్ దగ్గర

ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైమ్‌ను కాస్త దగ్గరగా చూపిస్తాను. దీన్ని స్ట్రెప్టోమైసిస్ మొబారెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియా తయారు చేస్తుంది. 1980ల చివర్లో జపాన్ పరిశోధకులు వెలికి తీశారు. తినుబండారాల పరిశ్రమ దీన్ని టన్నుల లెక్కన వాడుతుంది. చేప ముద్ద గట్టిపడటానికి, మాంసం ముక్కలు అతుక్కోవడానికి, పెరుగు చిక్కబడటానికి. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని అమైన్ గుంపు ఉన్న మరో అణువుతో కలపడం దీని పని. కలిపేటప్పుడు ఒక అమ్మోనియా అణువు బయటికి పోతుంది. ఏర్పడిన బంధం ప్రోటీన్‌లోని పెప్టైడ్ బంధమంత గట్టిది. రక్తంలో ఊడదు.

యాంటీబాడీలో గ్లుటమిన్‌లు పదుల సంఖ్యలో ఉంటాయి. మామూలు యాంటీబాడీని ఈ ఎంజైమ్‌తో కలిపి ఉంచితే ఏమీ జరగదు. ఎందుకంటే అవన్నీ గట్టిగా మడిచిన భాగాల్లో ఉంటాయి, ఎంజైమ్ నోటికి అందవు. కానీ బరువైన గొలుసులో 297వ స్థానంలోని ఆస్పరజిన్‌కు చక్కెరల గుత్తి ఒకటి వేలాడుతూ ఉంటుంది. పీఎన్‌గేజ్ ఎఫ్ అనే మరో ఎంజైమ్‌తో ఆ గుత్తిని కోసేస్తే, పక్కనే ఉన్న 295వ స్థానంలోని గ్లుటమిన్ బయటపడుతుంది, ఆ భాగం వదులవుతుంది. ట్రాన్స్‌గ్లుటమినేజ్ వచ్చి ఆ ఒక్కదాన్నే పడుతుంది. బరువైన గొలుసులు రెండు కాబట్టి అతికే మందు అణువులు రెండు. ఒకటీ కాదు, మూడూ కాదు. స్విట్జర్లాండ్‌లో రోజర్ షిబ్లీ బృందం 2010లో దీన్ని స్పష్టంగా నిరూపించింది.

పని జరిగే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. పీహెచ్ తటస్థానికి దగ్గర, వేడి 37 డిగ్రీలు, ద్రవం ప్రధానంగా నీళ్లే. సాయంత్రం పెట్టి పొద్దున తీస్తారు. అదే కాలమ్‌లో నడిపితే ఇందాకటి ఐదు గుట్టల చోట ఒకే నిటారు శిఖరం వస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువు చూస్తే యాంటీబాడీ బరువు, రెండు మందుల బరువు కలిపి, పోయిన అమ్మోనియాను తీసేస్తే ఎంత రావాలో అంతే వస్తుంది.

ఈ కుటుంబంలో ఇంకా ఉన్నాయి, క్లుప్తంగా చెబుతాను. సార్టేజ్ ఎ అన్నది స్టెఫైలోకాకస్ ఆరియస్ తన ప్రోటీన్లను కణకవచానికి బిగించుకోవడానికి వాడే ఎంజైమ్. ఐదు అమైనో ఆమ్లాల గుర్తు కనపడితే కోసి, గ్లైసిన్ తోక ఉన్నదేదైనా అక్కడ అతికిస్తుంది. యాంటీబాడీ చివర ఆ గుర్తు పెడితే, గ్లైసిన్ తోక ఉన్న మందు అక్కడ అతుకుతుంది. ఎండోఎస్ అన్నది గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ మన యాంటీబాడీల చక్కెరను కోసి, రోగనిరోధక శక్తిని తప్పించుకోవడానికి వాడే ఎంజైమ్. దానితో చక్కెర గుత్తిని మొదలు దాకా కత్తిరించి, అజైడ్ అనే గుంపు ఉన్న కొత్త చక్కెరను తగిలించి, ఆ అజైడ్‌కు మందును క్లిక్ రసాయనంతో కలుపుతారు. ఆ కొత్త చక్కెరను తగిలించే మార్పు చేసిన ఎంజైమ్‌ను 2002లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో రూపొందించినవారు రామకృష్ణన్, కస్బా. బతికి ఉన్న కణాల మధ్య కూడా క్లిక్ రసాయనం జరిగేలా చేసిన కరోలిన్ బెర్టోజీకి 2022లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఎంజైమ్ పాత్ర అతకడంతో అయిపోదు. మందు కణంలోకి వెళ్లాక విడిపోవాలి కదా. 2011లో వచ్చిన ఆడ్‌సెట్రిస్ అనే మందులో, విషాన్ని యాంటీబాడీకి కలిపే లింకర్‌కు వేలిన్, సిట్రులిన్ జంట ఉంది. కణం లోపలి లైసోజోమ్‌లో ఉండే క్యాథెప్సిన్ ఆ జంటను పట్టి కోస్తుంది. రక్తంలో కోసేవాళ్లు లేరు కాబట్టి అక్కడ మందు కట్టులోనే ఉంటుంది.

ఎదురు ప్రశ్నలు

ఇంత బాగుంటే ఆసుపత్రుల్లో వాడే మందులన్నీ ఎంజైమ్‌లతోనే ఎందుకు చేయడం లేదని మీరు అడగవచ్చు. అడగాలి కూడా.

2019లో అనుమతి పొందిన ఎన్‌హెర్టూ ఈ తరగతి మందుల్లో ఎంతో పేరు తెచ్చుకుంది. అందులో యాంటీబాడీకి దాదాపు ఎనిమిది మందులు, అన్నీ సిస్టీన్‌లకే, ఎంజైమ్ సాయం లేకుండానే. అంటే నా వాదన వీగిపోయిందా? చూడండి: ఎనిమిది చేతులూ నిండాయి కాబట్టి అది కూడా ఒకే రకం సరుకే. లింకర్ నీటికి దగ్గరి స్వభావం కలది, అందుకే అన్ని మందులు మోస్తున్నా త్వరగా రక్తం నుంచి పోదు. సరుకు ఒకేలా ఉండాలన్న సూత్రాన్ని అది ఇంకో దారిలో పాటించింది. ఆ మందుకూ ఊపిరితిత్తుల వాపు అనే ప్రమాదం ఉందని వైద్యులు కనిపెట్టుకుని ఉంటారు.

ఎంజైమ్‌లకూ ఇబ్బందులున్నాయి. పని అయ్యాక ఎంజైమ్‌ను ఆనవాలు లేకుండా తీసేయాలి, అది బ్యాక్టీరియా ప్రోటీన్ కాబట్టి శరీరం ఎదురు తిరగవచ్చు. అందుకే పూసలకు బిగించిన ఎంజైమ్ మీదుగా యాంటీబాడీని ప్రవహింపజేసే పద్ధతులు వచ్చాయి. సార్టేజ్ తాను అతికించిన దాన్ని తానే విప్పగలదు, పని ముందుకే సాగాలంటే మందును ఎక్కువ మోతాదులో పోయాలి. కాలికియామైసిన్ లాంటి మందు గ్రాములు తయారు చేయడమే కష్టమైనప్పుడు అది భారం. చక్కెర గుత్తి తీసేస్తే యాంటీబాడీ రోగనిరోధక కణాలను పిలిచే శక్తి పోతుంది. ఒక మందులో అది లోపం, ఇంకో మందులో అదే మేలు. ఇవన్నీ తూకం వేసుకోవలసినవే తప్ప, ఎంజైమ్ అన్న పేరు వినగానే తల ఊపేయడానికి లేదు.

మన ఊరి సంగతి

ఇప్పుడు హైదరాబాద్ మాట. ఈ తరగతి మందుకు కావలసినవి నాలుగు: యాంటీబాడీ, విషం, లింకర్, వాటిని కలిపే విద్య.

విషం, లింకర్ రసాయన సంశ్లేషణ పనులు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చిన నాటి నుంచి ఈ నగరం ఆ పనిలో చేయి తిరిగింది. ఆ సంస్థలో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ 1944 నుంచి ఉంది. ప్రోటీన్ మందుల వైపు 1997లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకాతో తలుపు తీసింది. 2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ అనే యాంటీబాడీ మందును మార్కెట్‌లోకి తెచ్చింది. అంటే పెద్ద ప్రోటీన్‌ను ట్యాంకుల్లో పెంచి, శుద్ధి చేసి, సీసాలో నింపడం మనకు కొత్త కాదు. 2021లో అహ్మదాబాద్‌లోని జైడస్ కాడ్‌సైలాకు సమానమైన ఉజ్‌వీరాను మార్కెట్‌లోకి తెచ్చింది. దేశంలో ఆ పని జరుగుతుందని దానితో తేలింది.

కొరత ఉన్నది నాలుగో దానిలో. మన రసాయన శాస్త్రజ్ఞుడు టోలీన్‌లో, నూట పది డిగ్రీల దగ్గర, కిలోల లెక్కన పనిచేయడానికి అలవాటు పడ్డాడు. యాంటీబాడీ అరవై, డెబ్బై డిగ్రీలు దాటితే విరిగిపోతుంది, ద్రావకం ఎక్కువైతే ముద్ద కడుతుంది. ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞుడూ, ప్రోటీన్ శాస్త్రజ్ఞుడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మన చదువుల్లో వీళ్లిద్దరికీ డిగ్రీ మొదటి ఏడాది నుంచే దారులు వేరు. సుబ్బారావు గారు వైద్యం చదివి, రసాయనం చేసి, పెరల్ రివర్‌లో సూక్ష్మజీవులనూ అణువులనూ ఒకే కప్పు కింద పెట్టారు. ఆయన నుంచి మనం నేర్చుకోవలసింది ఆ పద్ధతే.

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. తెలంగాణ నలుమూలల నుంచీ, ఈ పాతబస్తీ నుంచీ పేదవాళ్లు అక్కడికే వెళ్తారు. ఈ తరగతి మందుల ధర వాళ్లకు అందనిది. ధర తగ్గాలంటే ఇక్కడ తయారవ్వాలి, ఇక్కడ తయారవ్వాలంటే ఈ అతుకు వేయడం ఇక్కడి పిల్లలకు చేతనవ్వాలి.

అందుకే నిర్వాహకులకు నాదొక ప్రతిపాదన. ఈ స్మారక ఉపన్యాసం కోసం ఉన్న నిధి వడ్డీలో కొంత పెట్టి, చుట్టుపక్కల డిగ్రీ, ఫార్మసీ కాలేజీలకు ఒక ప్రయోగం అందించండి. కావలసింది ఆహార పరిశ్రమలో వాడే ట్రాన్స్‌గ్లుటమినేజ్ పొడి, ఒక పాల ప్యాకెట్, నిమ్మకాయ, ప్రోటీన్లను వేరుచేసే జెల్ పెట్టె. కాచని పాలను నిమ్మరసంతో విరిచి, గడ్డ ఒక గొట్టంలో, పైతేట నీరు ఇంకో గొట్టంలో తీసుకోవాలి. గడ్డలో ఉండేది కేసీన్. దాన్ని నీటిలో కలిపి, రెండు గొట్టాల పులుపునూ తటస్థం చేసి, కేసీన్ కరిగాక ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచాలి. ప్రతి గొట్టానికీ జోడుగా, మరిగించి చంపిన ఎంజైమ్ వేసిన గొట్టం ఒకటి పెట్టుకోవాలి. కొన్ని గంటల తరువాత జెల్ మీద నడిపితే కేసీన్ పట్టీ పలచబడి, అతుక్కుపోయిన పెద్ద ముద్దలు జెల్ పైభాగంలోనే ఆగిపోయి కనిపిస్తాయి. పైతేటలోని ప్రోటీన్ల పట్టీలు చాలా వరకు ఉన్నచోటే ఉంటాయి. కేసీన్ వదులుగా ఉంటుంది కాబట్టి గ్లుటమిన్‌లు ఎంజైమ్‌కు అందాయి. పైతేట ప్రోటీన్లు గట్టిగా మడిచి ఉంటాయి కాబట్టి అందలేదు. యాంటీబాడీలో ఆ ఒక్క 295వ గ్లుటమినే ఎందుకు దొరుకుతుందో ఆ జెల్ చూసిన విద్యార్థికి ఇక ఎవరూ వివరించనక్కర్లేదు.

వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటి వాళ్ల ప్రసంగం తగ్గించి, ఆ జెల్ ఫొటోలతో విద్యార్థులను మాట్లాడించండి. ఏ గొట్టంలో ఏమి తప్పిందో, ఎందుకు తప్పిందో కూడా వాళ్లనే చెప్పమనండి. సుబ్బారావు గారి పేరు పెట్టుకున్న సభకు తగిన పని అదే.